నాంచారి బదులు

పిడుగు ఆదివారం మధ్యాహ్నం పడింది. వాన పెద్దగా రాలేదు. లంకమల కొండల మీద ఒక్క మెరుపు మెరిసింది, షెడ్డు రేకులు అదిరాయి, లోపల ఏడేళ్లుగా గుయ్యిమంటూ తిరుగుతున్న కంప్యూటర్ ఆగిపోయింది. బియ్యం కడుగుతున్న సుభాషిణి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. మీట నొక్కితే దీపం వెలిగింది గానీ తెర మీద ఒక్క వరుస తెల్లటి అక్షరాలే వచ్చాయి. మొదలుపెట్టడానికి ఇందులో ఏమీ లేదని వాటి అర్థం. ఆపి మళ్లీ నొక్కింది. అదే వరుస.

ఆ స్టేషన్లో ఆమె తప్ప ఇంకెవరూ ఉండరు. రెండు గదులు, రేకుల షెడ్డు, సోలార్ పలకలు, నీళ్ల డ్రమ్ములు. బద్వేలు రోడ్డు ఆరు కిలోమీటర్ల దూరం. చుట్టూ కలివి పొదలు, రేగు కంప, గులకరాళ్ల ఎర్రనేల. ఆ పొదల మధ్య అక్కడక్కడా పన్నెండు ఇనుప గుంజలు నిలబడి ఉంటాయి. ఒక్కో గుంజకు ఒక మైకు, ఒక స్పీకరు. అన్నిటినీ నడిపేది షెడ్డులోని ఈ కంప్యూటరే.

వాటిని పాతించినాయన విరూపాక్షరావు, పక్షుల శాస్త్రవేత్త. ఈ పొదల్లో తిరిగే అరుదైన పక్షి కలివికోడి, పొద్దుగూకాక కాసేపే పలుకుతుంది. బదులు పలికే తోడు లేకపోతే కొన్నాళ్లు చూసి ఆ చోటు వదిలి పోతుందని, అట్లా పోయినవే ఒక్కొక్కటిగా నాశనమయ్యాయని ఆయన నమ్మాడు. అందుకని పిలుపుకు పిలుపు అందించే యంత్రం చేసి, దానికి మారుపలుకు అని పేరు పెట్టాడు. గుంజ పలికితే పక్షి బదులిచ్చేది. ఆ బదులు విని యంత్రం తన గొంతు కొంచెం సవరించుకునేది. మర్నాడు ఇంకొంచెం పక్షిలా పలికేది. తోడు దొరికిందనుకుని పక్షి అక్కడే మసులుకునేది.

ప్రొద్దుటూరులో బీఎస్సీ చదివిన సుభాషిణి ముప్పై నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గర సహాయకురాలిగా చేరింది. ఆ ఏడు మూడు పక్షుల గొంతులు వినిపించేవి. మరుసటి ఏడు రెండు. మూడో ఏటికి ఒక్కటే. ఆ ఒక్కదాని పిలుపులో రెండో మాత్ర దగ్గర చిన్న విరుపుండేది, ఎక్కిళ్లు ఆపుకున్నట్టు. గుంజల గొంతులో ఆ విరుపు లేదు గనక ఏది యంత్రమో ఏది పక్షో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. సుభాషిణి దానికి నాంచారి అని పేరు పెట్టుకుంది. ఎన్నడూ కంటితో చూడలేదు. చీకటిపడే వేళ గుంజల వైపు ఎవరూ పోగూడదని విరూపాక్షరావు పెట్టిన కట్టుబాటు, పక్షి బెదురుతుందని. ఏడో గుంజ ఉన్న వాననీటి వంక వైపు నుంచి పిలుపు వస్తే, ఇంటి ముందు బండ మీద కూర్చుని వినేది. అంతే.

విరూపాక్షరావు పోయి రెండేళ్లయింది. హైదరాబాదు సంస్థలో వైదేహి అనే మేడం ఇప్పుడు పై వ్యవహారం చూస్తుంది. కొండకు అడ్డంగా వేయదలచిన రోడ్డు ఒకటి ఈ పక్షి పలుకుతున్నందుకే ఆగి ఉంది. నెలనెలా సుభాషిణి పంపే లెక్కే దానికి ఆధారం.

ఆ ఆదివారం సాయంత్రం గుంజలు పలకలేదు. సుభాషిణి బండ మీద కూర్చుంది. పొద్దు కుంగింది, కంపల్లో చిమ్మటలు మొదలయ్యాయి. వంక వైపు నుంచి ఏమీ రాలేదు. పిలిచేవాళ్లు లేకపోతే అది మాత్రం ఎందుకు పలుకుతుంది అనుకుంది. అనుకున్నాక భయమేసింది. కొన్నాళ్లు చూసి వెళ్లిపోతుందని గదా ఆయన చెప్పింది. ఎన్నాళ్లు చూస్తుంది?

సోమవారం పొద్దున్నే గుండు ఎక్కింది. స్టేషన్ వెనక కొండ భుజం మీద ఏనుగంత గుండు ఉంది. ఫోన్ సిగ్నల్ ఆ గుండు మీదే దొరుకుతుంది. ఎక్కడానికి నలభై నిమిషాలు. అక్కడినుంచి బద్వేలులో దస్తగిరికి ఫోన్ చేసింది. బస్టాండు ఎదురుగా అతనికి కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. మునుపు రెండుసార్లు ఫోన్లోనే చెప్పి మిషన్ దారికి తెచ్చాడు. ముఖం చూసి ఎరగదు. తెర మీద వచ్చిన వరుస చదివి వినిపిస్తే, లోపల మిషన్‌ను నడిపే లినక్స్ దెబ్బతినింది, మళ్లీ కొత్తగా ఎక్కించాల్సిందే అన్నాడు. దాన్ని ఎక్కించే సరుకు పెన్‌డ్రైవులో వేసి మర్నాటి బస్సులో పంపిస్తానన్నాడు.

మంగళవారం ఆమె ఆరు కిలోమీటర్లు నడిచి రోడ్డు మీద నిలబడింది. పదకొండు గంటల బస్సు డ్రైవరు కిటికీలోంచి అగ్గిపెట్టె ఒకటి అందించి పోయాడు. దానికి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది, లోపల దూదిలో పెన్‌డ్రైవు. తిరిగొచ్చి, చెప్పినట్టే మిషన్‌కు గుచ్చి, లేచేటప్పుడు మీట నొక్కి పట్టుకుంది. దేని నుంచి మొదలుపెట్టమంటావని జాబితా వచ్చింది. అందులో పెన్‌డ్రైవు పేరే లేదు. గుచ్చి తీసి, తీసి గుచ్చి, అయిదారుసార్లు చూసింది. గుచ్చిన ప్రతిసారీ పెన్‌డ్రైవు మీది నీలం దీపం మినుకుమనేది. మిషన్ మాత్రం దాన్ని చూడనట్టే ఉండిపోయేది.

మళ్లీ గుండెక్కింది. పెన్‌డ్రైవును నీ ల్యాప్‌టాప్‌లో పెట్టి అందులో ఏం కనబడతాదో చూసి చెప్పమన్నాడు దస్తగిరి. దిగి వచ్చి చూసింది. ఒకటే పెద్ద ఫైలు. మళ్లీ ఎక్కి ఆ సంగతి చెప్పింది.

"తప్పు నాదేమ్మా," అన్నాడు దస్తగిరి. "తొందరలో ఫైలును ఫైలుగానే కాపీ కొట్టి పంపినా. అట్ల పనికిరాదు. విత్తనాల మూట తీస్కపోయి మడిలో పెడితే నారొస్తాదా? మూట విప్పి చల్లల్ల గదా."

చల్లే పద్ధతి మెల్లగా చెప్పాడు, ఆమె చేతిపుస్తకం వెనక పేజీలో రాసుకుంది. ఏ డ్రైవు మీద చల్లుతున్నావో పేరు రెండుసార్లు చూసుకో, తప్పితే నీ ల్యాప్‌టాప్ తుడుచుకుపోతాదని మరీ మరీ చెప్పాడు. ఆమె మూడుసార్లు చూసుకుంది. పని పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. బండ మీదికి వెళ్లి కూర్చుంది. ఆ సాయంత్రమూ వంక పలకలేదు.

బుధవారం జాబితాలో పెన్‌డ్రైవు పేరు కనబడింది. సుభాషిణికి ప్రాణం లేచొచ్చింది. ఎంచుకుని నొక్కగానే తెర మధ్యలో ఎర్రటి గడి లేచి, దీన్ని నమ్మను అంది మిషన్. మళ్లీ గుండు.

"ఆ మిషన్‌కు కావలి ఉండాదమ్మా," అన్నాడు దస్తగిరి. "తనకు తెలిసిన సంతకముంటేనే లోపలికి రానిస్తాది. సెట్టింగుల్లోకి పోయి కావలి తీసెయ్యి."

సెట్టింగుల్లోకి పోబోతే పాస్‌వర్డ్ అడిగింది. ఎన్నడో విరూపాక్షరావు పెట్టినది. ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని, ఆ మనిషికి ఏవేవి ఇష్టమో గుర్తుచేసుకుంటూ ఒక్కొక్కటే కొట్టింది. పక్షి పేరు. శాస్త్రంలో దాని పేరు. మొదటిసారి గొంతు రికార్డయిన తేదీ. ఆయన స్కూటరు నంబరు. ఇంకెవరినైనా అడుగుదామంటే ఆయనకు పెళ్లాం బిడ్డలు లేరు, తోబుట్టువుల సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కాఫీలో ఎంత చక్కెర వేసుకునేవాడో, చిన్నప్పుడు ఏ ఊళ్లో ఈత నేర్చుకున్నాడో తెలిసినది లోకంలో తానొక్కతేనేమో అనిపించింది. ఆ ఊరి పేరూ కొట్టింది. కాదంది మిషన్.

మళ్లీ గుండెక్కి అడిగితే, మిషన్ పాస్‌వర్డ్ మరిచిపోయేలా చెయ్యవచ్చని దస్తగిరి చెప్పాడు. కరెంటు తీసేసి, పక్క రేకు విప్పి, లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీని పది నిమిషాలు బయట పెట్టాలి. అంతకుముందు ఎప్పుడూ ఆమె దాన్ని విప్పలేదు. లోపల వేలెడు మందాన ఎర్రదుమ్ము, మూలన ఎండిపోయిన బల్లి. గోరుతో బ్యాటరీని మీటి తీసి అరచేతిలో పెట్టుకుని, గోడ గడియారం చూస్తూ కూర్చుంది. తిరిగి పెట్టాక మిషన్ తన వయసూ తన పాస్‌వర్డూ రెండూ మరిచిపోయి లేచింది. కావలి తీసేసింది.

కానీ అప్పటికే సాయంత్రమైంది. నాలుగో సాయంత్రం. బండ మీద కూర్చుని వంక వైపు చూస్తూ ఉంటే ఆగలేక, నోటి దగ్గర చేతులు దొన్నె చేసి తనే పిలిచింది, గుంజ పిలిచినట్టు, రెండు మాత్రలు. ఏడేళ్లుగా వింటున్నది గనక బాగానే వచ్చింది. ఆగి విన్నది. మళ్లీ పిలిచింది. పదిసార్లు పిలిచాక, చూసేవాళ్లెవరూ లేకపోయినా ఆమెకు సిగ్గేసింది. లేచి లోపలికి పోయి సద్ది కలుపుకుని తిన్నది.

గురువారం పెన్‌డ్రైవు నుంచి మిషన్ కదిలింది. పేర్ల పట్టిక వచ్చింది, వరుసలు వరుసలుగా అక్షరాలు పరుగెత్తాయి, సగంలో ఒకే మాట పదేపదే వేస్తూ నిలిచిపోయింది. చదవలేకపోతున్నాననే ఆ మాట. ఆ రోజు మూడుసార్లు గుండెక్కి దిగింది. మోకాళ్లు పట్టేశాయి. మొదటిసారి, ఫైలు సగంలో చెడిందేమో సరిపోల్చి చూడమన్నాడు దస్తగిరి. అది సరిగానే ఉంది. రెండోసారి, పెన్‌డ్రైవు మళ్లీ చల్లమన్నాడు; మార్పు లేదు. మూడోసారి అతను వేరే ప్రశ్న అడిగాడు.

"దాన్ని యాడ గుచ్చినావమ్మా? ముందరా, ఎనకనా?"

ముందరే అన్నది.

"ఎనక నల్లదొకటి ఉంటాది చూడు. ముందరివి ఉత్త తీగలమ్మా, దుమ్ముకు పోయింటాయి. ఎనకది బోర్డుకే అతుక్కోనుంటాది."

శుక్రవారం పొద్దున మిషన్‌ను గోడ నుంచి జరిపి, సాలెగూళ్లు తుడిచి, వెనక నల్ల రంధ్రంలో పెన్‌డ్రైవు గుచ్చింది. అక్షరాలు పరుగెత్తి ఆగలేదు. తెర నల్లబడింది, తర్వాత మెల్లగా ఊదారంగు పరుచుకుంది. ఇన్‌స్టాల్ చేస్తావా, చెయ్యకుండా ఊరికే చూస్తావా అని అడిగింది. ఇన్‌స్టాల్ చేస్తే పాతదంతా పోతాది, ముందు కావలసింది తీసి పక్కన పెట్టుకో అని దస్తగిరి చెప్పి ఉన్నాడు. ఊరికే చూస్తాను అన్నది.

పాత డిస్కు తెరుచుకుంది. విరూపాక్షరావు ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆమెకు కనబడేది ఒక పట్టికే: తేదీ, వేళ, గుంజ నంబరు, బదులు వచ్చిందా లేదా. ఇప్పుడు ప్రోగ్రాం లేదు. దాని వెనక ఉన్న గది తలుపులన్నీ తీసినట్టు, గుంజకొక ఫోల్డరు, ఒక్కోదాంట్లో రెండేసి: విన్నవి, పలికినవి. అన్నీ బయటి డిస్కులోకి కాపీ పెట్టింది. సరిగా వస్తున్నాయో లేదో చూద్దామని, పిడుగుకు ముందు రోజుది, శనివారంది ఒకటి నొక్కింది. స్పీకర్లో నాంచారి పలికింది. ఆ విరుపుతో సహా. అయిదు రోజుల తర్వాత ఆ గొంతు వినేసరికి సుభాషిణి కళ్లు తడిశాయి. తుడుచుకుని, ఏ గుంజ విన్నదో చూద్దామని పేరు చదివింది.

ఏడో గుంజ. పలికినవి.

తప్పు చదివాననుకుంది. మళ్లీ చదివింది. విన్నవాటిలో కాదు, పలికినవాటిలోనే ఉంది. అంటే ఆ శనివారం పొద్దుగూకే వేళ నాంచారి గొంతుతో పలికింది ఏడో గుంజ స్పీకరు. దాన్ని విన్నది అయిదో గుంజ. విని పక్షేననుకుని పాత గొంతుతో బదులిచ్చింది. బదులు వచ్చిందన్న లెక్కతో ఏడోది మళ్లీ నాంచారిలా పలికింది.

అంతకుముందు శుక్రవారందీ అంతే. కిందటి నెలదీ అంతే. కిందటి ఏడాదిదీ. సుభాషిణి తినడం మరిచి వెనక్కి వెనక్కి పోయింది. నాలుగేళ్ల కిందటి ఆగస్టు ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది. ఏడో గుంజ నాంచారి గొంతు ఎత్తుకున్న మొదటి సాయంత్రం అదే. దానికి ముందు పదిరోజులు పన్నెండు గుంజలూ పాత గొంతుతో పలికాయి; యంత్రం తన పాత గొంతును లెక్కలోకి తీసుకోదు గనక, ఏదీ ఏమీ విన్నట్టు లేదు. ఆ పదిరోజులకు ముందు, ఆగస్టు పదిహేడున, విన్నవాటిలో ఒక ఫైలు ఉంది. నొక్కింది. చీమల చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దంలో దూరంగా నాంచారి, నిజం నాంచారి, నాలుగుసార్లు పలికింది. అయిదోసారి సగంలో ఆపేసింది. అదే ఆఖరుది.

విరూపాక్షరావు యంత్రానికి పెట్టిన నియమాలు ఒక చిన్న ఫైలులో తెలుగులోనే రాసుకున్నాడు. సుభాషిణి వెతికి చదివింది. పదిరోజులు బదులు రాకపోతే గొంతు మార్చి చూడు, గుంజ మార్చి చూడు, బదులు వచ్చేదాకా ఆపొద్దు. అంతే. యంత్రం మోసమేమీ చెయ్యలేదు. గొంతు మార్చి చూసింది, తన దగ్గరున్న గొంతుల్లో నాంచారిది ఎత్తుకుంది, బదులు వచ్చింది. ఎవరి నుంచి వచ్చిందో అడగమని ఎవరూ చెప్పలేదు. ఆ ఆగస్టు ఇరవై ఎనిమిదిన పక్షి తిరిగొచ్చిందని ఫోన్ చేస్తే ఆ పెద్దాయన నమ్మలేక అదే సంగతి మూడుసార్లు చెప్పించుకోవడం ఆమెకు గుర్తుంది. ఆయనకూ తెలియదు.

తేదీ చూసినప్పటి నుంచి గుండెలో గుచ్చుతున్నది అది కాదు.

అప్పుడు ఆమె భర్త ఓబులేసు బద్వేలులో వెల్డింగు పని చేసేవాడు. శనివారాల్లో స్టేషన్‌కు వచ్చి సోమవారం పోయేవాడు. నెల్లూరు ఆటోనగర్లో లారీల బాడీలు కట్టే షెడ్డులో మంచి పని దొరికింది, ఇద్దరం పోదామన్నాడు. ఆమె ఆలోచిస్తానంది. ఆగస్టులో నాంచారి గొంతు ఆగిపోయింది. ఎనిమిది రోజులు చూసి, ఇంక లేదులే అనుకుని, వస్తానని మాటిచ్చింది. చీరలు బ్యాగులో సర్దుకుంది. ఇరవై ఎనిమిది సాయంత్రం, పొద్దున బయల్దేరాలనగా, వంకలోంచి ఆ విరుపు గొంతు పలికింది. సుభాషిణి పరుగెత్తుకుంటూ గుండెక్కి ఓబులేసుకు ఫోన్ చేసి, నాంచారి వచ్చేసింది, ఇప్పుడెట్లా వదిలి వచ్చేది, నువ్వు పో, నేను వెనక వస్తానంది. వెనక పోనే లేదు. వాళ్లు పోట్లాడుకోలేదు, విడిపోయామనీ ఎవరితో చెప్పలేదు. ఫోన్లు వారానికి ఒకటయ్యాయి, తర్వాత నెలకు ఒకటి.

లేని పక్షి కోసం ఉండిపోయిందన్నమాట.

శనివారం గుండెక్కి హైదరాబాదుకు ఫోన్ చేసింది. వైదేహి మేడం మొత్తం విన్నది, మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు వేసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ అడవి కోసం ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కిందో సుభాషిణికి తెలుసు.

"ఇంకెవరికైనా చెప్పావా?" అని అడిగింది వైదేహి.

చెప్పలేదంది.

"అయితే విను. లినక్స్ ఎక్కించు, దాని మీద పాత ప్రోగ్రాం యథాతథంగా పెట్టెయ్. జనవరిలో రోడ్డు సంగతి తేల్చే కమిటీ కూర్చుంటుంది. ఆ పక్షి లేదని తేలిన మర్నాడు కొండ తవ్వుతారు. పక్షి ఒక్కటే కాదు గదా, సుభాషిణీ, అక్కడ ఇంకా ఎన్ని బతుకుతున్నాయి."

ఆ మాట తప్పని సుభాషిణి అనుకోలేదు. ఆలోచించి చెప్తానంది. దిగి వచ్చింది. మిషన్ ముందు కూర్చుంది. ఊదారంగు తెర మీద ఇన్‌స్టాల్ అనే గడి అలాగే ఉంది. ఒక్క నొక్కుడు, తర్వాత పాత ప్రోగ్రాం పెట్టడం అరగంట పని. సాయంత్రానికి వంక పలుకుతుంది. అబద్ధమని తెలిసి కూడా ఆ గొంతు వినాలని ఎంత కోరికగా ఉందో తెలుసుకుని ఆమె అదిరిపడింది. గడి నొక్కలేదు. ఆదివారమూ నొక్కలేదు. గుండెక్కలేదు, దస్తగిరికి ఫోన్ చెయ్యలేదు.

సోమవారం పదింటప్పుడు మోపెడ్ చప్పుడు వినబడింది. స్టేషన్‌కు ఆ చప్పుడు కొత్త. యాభై దాటిన బక్కపలచని మనిషి, తలకు తువ్వాల, ముందర ప్లాస్టిక్ సంచి. దిగి, షెడ్డు గడప దగ్గరే నిలబడి, నేను దస్తగిరినమ్మా అన్నాడు. మూడు రోజులుగా ఫోన్ లేకపోయేసరికి పెన్‌డ్రైవు మళ్లీ మొండికేసిందేమోనని, ఇంకో రెండు రకాలవి తయారుచేసి తెచ్చాడట. దాంతోపాటు ఇంట్లో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. మిషన్ తెర మీద ఊదారంగు చూసి ముఖం వికసించింది. వారం రోజులు ఫోన్లోనే కుస్తీపట్టిన పని కళ్లెదుట కనబడితే పనివాడికి ఎట్లా ఉంటుందో అట్లా నవ్వాడు.

"అయిపాయె గదా. ఇంక ఒత్తకుండా ఏం చూస్తాండావు?"

సుభాషిణి చెప్పింది. మొదటిసారి మనిషి ముఖం చూస్తూ చెప్పడం. పక్షి సంగతి, గుంజల సంగతి, మేడం అన్న మాట. ఓబులేసు సంగతి చెప్పలేదు. దస్తగిరి ఉగ్గాని పొట్లం ఆమె ముందుకు జరిపి, తినమ్మా ముందు అన్నాడు. ఆమె తింటుంటే మిషన్ ముందు కూర్చుని ఫైళ్లు ఒక్కొక్కటే చూశాడు, పదిహేడో తేదీది విన్నాడు, చెయ్యి తిప్పి వెనకవైపుతో ముక్కు తుడుచుకున్నాడు.

"నాకు పచ్చుల సంగతి తెలీదు," అన్నాడు. "ఒకటి అడుగుతా. ఈ నాలుగేండ్లు కొండకు ఆపక్క ఎవురన్నా వెతికినారా?"

లేదంది సుభాషిణి. వెతకాలనే విరూపాక్షరావు అనుకున్నాడు. తూర్పు వాలు మీద గుంజలు పాతడానికి గుంతలు కూడా తవ్వించాడు, ఆ ఆగస్టులోనే. ఇరవై ఎనిమిదిన నాంచారి తిరిగి పలికింది. పక్షి ఇక్కడే ఉందిలే అని గుంతలు పూడ్చేశారు.

చెబుతూ చెబుతూ ఆమె ముద్ద చేతిలోనే ఆపేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి ఇన్‌స్టాల్ నొక్కింది. పాత డిస్కు తుడుచుకుపోతుంది, సరేనా అని మిషన్ అడిగితే సరే అంది. ఇరవై నిమిషాలు ఇద్దరూ తెర మీద సాగే గీతను చూస్తూ కూర్చున్నారు. పెన్‌డ్రైవు తీసెయ్యి, మళ్లీ మొదలవుతాను అంది మిషన్. తీసింది. తనంత తానే లేచింది. దస్తగిరి సాయంతో గుంజలకు చెవులు మాత్రం కలిపింది, నోళ్లు కలపలేదు. మధ్యాహ్నం అతను మోపెడ్ ఎక్కుతూ, ఆ మిషన్ మళ్లీ ఆగితే ఫోన్ చెయ్యి, ఆగకపోయినా చెయ్యి అన్నాడు.

వైదేహి మేడంకు ఉత్తరం గుండు మీద కూర్చుని ఫోన్లోనే రాసింది. ఆఖరి నిజమైన గొంతు ఏ తేదీదో, ఆ తర్వాత తను పంపిన నలభై ఎనిమిది నెలల లెక్క ఎందుకు తప్పో రాసింది. ఈ పక్కన పక్షి ఉందన్న నమ్మకం మీద ఆ పక్కన ఎవరూ వెతకలేదు, వెతకకుండా లేదని గానీ ఉందని గానీ చెప్పలేమని రాసింది. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు వైదేహే ఫోన్ చేసింది. గొంతులో కోపం ఉంది, అలసట ఎక్కువ ఉంది. నువ్వు రాసింది దాచే ధైర్యం నాకు లేదు, కమిటీకి పంపేశాను అంది. జనవరిలో కమిటీ కూర్చుంది. నాలుగేళ్ల లెక్కను కొట్టేసింది. రోడ్డు ఫైలు మూయలేదు, తెరవనూ లేదు. తూర్పు వాలు మీద ఒక్క ఏడాది వినడానికి గడువిచ్చింది.

ఏడో గుంజను సుభాషిణి తనే పెకలించింది. గుంజల్ని రెండు రెండుగా కావడి కట్టుకుని కొండ దాటించడానికి పదిహేను రోజులు పట్టింది. ఆపక్క నేల ఇంకా గరుకు, కలివి పొదలు ఇంకా చిక్కన. పొద్దుగూకే వేళ అక్కడ కూర్చుంటే అడవి పిల్లి అరుపు, నక్కల ఊళ, ఉల్లంకిపిట్టలు. తాను వెతికే గొంతు మాత్రం ఇంతవరకూ లేదు. యంత్రం బదులివ్వని నిశ్శబ్దం ఎంత లోతుగా ఉంటుందో ఆమెకు అక్కడే తెలిసింది. మొదట్లో భరించలేక లేచి నడిచేది. తర్వాత కూర్చోవడం అలవాటైంది.

తూర్పు వాలు మీద ఒకచోట సిగ్నల్ ఉంది. మాఘమాసంలో ఒక సాయంత్రం అక్కడినుంచి ఓబులేసుకు ఫోన్ చేసింది. ఇద్దరూ బాగున్నావా అంటే బాగున్నా అనుకున్నారు. తర్వాత ఆమె చెప్పేసింది. ఆ రోజు పలికింది నాంచారి కాదని, గుంజ అని, తను ఉండిపోయింది దేనికీ కాదని. వెనక షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్న చప్పుడు వినబడింది, ఆగింది, మళ్లీ మొదలైంది.

"ఆ పొద్దు నువ్వు ఫోన్ చేసి రానన్యాక," అన్నాడు ఓబులేసు, "బండి ఎక్కకుండా బస్టాండులోనే కూచున్యా సుభా. మరుసటి రోజు మధ్యాన్నం దాకా కూచున్యా. ఎట్లైనా వస్తావులే అని."

ఆ మాట ఆమెతో అతను ఎన్నడూ అనలేదు. ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్పి ఏం చేసేదిలే," అన్నాడతను, కోపం లేకుండా. తన మాటకు తనే జవాబు చెప్పుకున్నట్టు.

రమ్మని అతను అనలేదు. వస్తానని ఆమె అనలేదు. చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు గానీ ఫోన్ ఎవరూ పెట్టెయ్యలేదు. అక్కడ సుత్తి ఆగిపోయింది, పనివాళ్లు ఒకరికొకరు చెప్పుకుని వెళ్లిపోతున్నారు, ఎవరో షట్టరు దించారు. ఓబులేసు ఊపిరి మాత్రం వినబడుతోంది. సుభాషిణి ఫోన్ చెవికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని, చీకటి పడుతున్న వాలు మీద అలాగే వింటూ కూర్చుంది.